వాడిన కూలెంట్‌ను మళ్ళీ వాడుకోవడం: మెషిన్ చేసే పని, మనిషి చేయవలసిన పని
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఈసారి మనవాళ్ళకు పనికొచ్చే విషయం ఏదైనా ఒక అరగంట మాట్లాడండి" అని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. దేశభక్తి గురించి ఈ సభకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పద్యం, పాట నాకు రావు. వచ్చిందల్లా ఇంజన్. "కర్మ్ హీ ధర్మ్" అనే నినాదం ఉన్న ఇ.ఎం.ఇ. కోర్‌లో పెరిగినవాణ్ణి కనుక, పాటల కార్యక్రమానికి ముందు కాసేపు మిమ్మల్ని వర్క్‌షాప్‌కి తీసుకెళ్తాను. విషయం ఏమిటంటే, ఇంజన్‌లో వాడేసిన కూలెంట్‌ను శుద్ధి చేసి మళ్ళీ వాడుకునేలా చేసే మెషిన్.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. మనలో చాలామంది రిటైరయ్యాక బస్సు డిపోల్లోనో, లారీ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీల్లోనో, ఆసుపత్రి జనరేటర్ల దగ్గరో పనికి కుదురుకుంటున్నారు. కొందరు చేతికొచ్చిన గ్రాట్యుటీ, కమ్యూటేషన్ డబ్బుతో సొంతంగా గ్యారేజీ పెట్టాలనుకుంటున్నారు. వాళ్ళు నన్ను అడిగే మాట ఒకటే: "అన్నా, ఈ కూలెంట్ రీసైక్లింగ్ మెషిన్ కొంటే గిట్టుబాటు అవుతుందా?" దానికి లెక్క చివర్లో చెబుతాను. అంతకన్నా ముందు చెప్పవలసిన మాట ఒకటుంది. మెషిన్ శుభ్రం చేస్తుంది, అంతవరకే. మనం అందులో ఏం పోశామో దానికి తెలియదు. బయటికొచ్చింది ఇంజన్‌కి పనికొస్తుందో లేదో కూడా దానికి తెలియదు. ఆ రెండూ తెలుసుకోవలసినవాడు మెషిన్ పక్కన నిలబడ్డ మనిషి. ఈ అరగంటలో నేను చెప్పేదంతా ఈ ఒక్క మాటకు వివరణే అనుకోండి.

కూలెంట్ అంటే ఏమిటి?

ఇంజన్‌లో ఇంధనం మండితే వచ్చే వేడిలో రమారమి మూడో వంతు కూలింగ్ సిస్టమ్ మోసుకెళ్ళి బయట పారేయాలి. వేడిని మోయడంలో నీళ్ళను మించినది లేదు. కానీ నీళ్ళకు మూడు లోపాలున్నాయి. సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి, కట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బుకు పోత ఇనుప బ్లాక్ కూడా ఆగదు, పగులుతుంది. నూరు డిగ్రీలకే మరుగుతాయి. పైగా ఇనుమును తుప్పు పట్టిస్తాయి.

మొదటి రెండు లోపాలకు మందు ఇథిలీన్ గ్లైకాల్. మూడో లోపానికి మందు అందులో కలిపే తుప్పు నిరోధక రసాయనాలు. నీళ్ళు, గ్లైకాల్, నిరోధకాలు, ఈ మూడూ కలిస్తేనే కూలెంట్. ఏ ఒక్కటి తగ్గినా అది కూలెంట్ కాదు, రంగు నీళ్ళు.

ఇక్కడ కొన్ని అంకెలు గుర్తుపెట్టుకోవాలి. గ్లైకాల్ 30 శాతం ఉంటే ఆ మిశ్రమం సుమారు మైనస్ 16 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. 40 శాతం ఉంటే మైనస్ 24, సగానికి సగం ఉంటే మైనస్ 37 దాకా తట్టుకుంటుంది. అలాగని "ఎక్కువ పోస్తే ఇంకా మంచిది కదా" అని గ్లైకాల్‌నే అచ్చంగా పోసేవాళ్ళున్నారు. అచ్చమైన గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది! పైగా నీళ్ళంత వేడిని మోయలేదు. ఎయిర్‌ఫోర్స్ మిత్రులకు ఒక మాట చెబుతాను. స్పిట్‌ఫైర్ విమానాల్లో మెర్లిన్ ఇంజన్లకు మొదట్లో అచ్చమైన గ్లైకాల్ పోసేవారు. తర్వాత నీళ్ళు 70 పాళ్ళు, గ్లైకాల్ 30 పాళ్ళకు మార్చుకున్నారు. పాళ్ళు ఎంత ముఖ్యమో వాళ్ళు ఎనభై ఏళ్ళ కిందటే తెలుసుకున్నారు.

మన దేశంలో ఒక కొసన లేహ్ ఉంది, ఇంకో కొసన రాజస్థాన్ ఉంది. 2016 మే 19న ఫలోదీలో 51 డిగ్రీల ఎండ నమోదైంది. ద్రాస్‌లో చలి ఎలా ఉంటుందో అక్కడ కాపలా కాసినవారికి నేను చెప్పనక్కరలేదు. ఈ రెండింటికీ ఆగవలసింది ఒకే ఇంజన్, ఒకే రేడియేటర్.

కూలెంట్ ఎందుకు పాడవుతుంది?

చాలామంది అనుకునేట్టు గ్లైకాల్ అరిగిపోదు. అరిగిపోయేవి నిరోధకాలు. ఇంజన్ లోపలి లోహాలను కాపాడుతూ కాపాడుతూ అవి ఖర్చయిపోతాయి. వేడికి, గాలికి గ్లైకాల్‌లో కొద్ది భాగం మాత్రం విరిగి ఆమ్లాలుగా మారుతుంది. దాంతో కూలెంట్ పులుస్తుంది, అంటే పి.హెచ్. పడిపోతుంది. ఇక బయటినుంచి వచ్చే చెత్త సరేసరి. తుప్పు, టాంకం నుంచి సీసం, రేడియేటర్ నుంచి రాగి, ఆయిల్ కూలర్ కారితే ఇంజన్ ఆయిల్, హెడ్ గాస్కెట్ పోతే పొగ. అన్నిటికన్నా మన ఊళ్ళలో పెద్ద శత్రువు బోరు నీళ్ళు. రేడియేటర్‌లో లెవెల్ తగ్గిందంటే క్లీనర్ కుర్రాడు దగ్గర్లో ఉన్న బోరు దగ్గర బకెట్ పడతాడు. ఆ నీళ్ళలోని సున్నపు లవణాలు లోపల గారలా పేరుకుంటాయి, క్లోరైడ్లు అల్యూమినియంను తినేస్తాయి.

సారాంశం ఏమిటంటే, పాత కూలెంట్‌లో అసలు సరుకైన గ్లైకాల్ దాదాపు అలాగే ఉంటుంది. చెత్త తీసేసి, పోయిన నిరోధకాలు తిరిగి కలిపితే మళ్ళీ వాడుకోవచ్చు. రీసైక్లింగ్ అన్నది ఈ ఆధారం మీదే నిలబడింది.

మెషిన్లలో రకాలు

బజారులో ప్రధానంగా నాలుగు పద్ధతుల మెషిన్లున్నాయి. మొదటిది ఉత్త వడపోత. ఫిల్టర్ల గుండా పంపి, మందు కలిపి ఇచ్చేస్తుంది. ధర తక్కువ. కంటికి కనిపించే మురికి పోతుంది గానీ, కరిగి ఉన్న లవణాలు, ఆమ్లాలు అలాగే ఉండిపోతాయి. ఉప్పు కలిసిన చారును ఎన్నిసార్లు వడకట్టినా ఉప్పదనం పోదు కదండీ, అదే ఇదీ.

రెండోది రెజిన్ పద్ధతి. వడపోత తర్వాత రెజిన్ గుళికలు నింపిన సీసాల గుండా పంపుతారు. కరిగి ఉన్న లవణాలను ఆ గుళికలు పట్టుకుంటాయి. కానీ ఆ గుళికలకూ ఒక హద్దుంది. అవి నిండాక మెషిన్ తిరుగుతూనే ఉంటుంది, పని మాత్రం జరగదు. కండక్టివిటీ మీటర్ చూసేవాడికే ఆ సంగతి తెలుస్తుంది.

మూడోది మెంబ్రేన్ పద్ధతి. ఇళ్ళల్లో వాడే ఆర్.ఓ. లాంటిదే. ఒత్తిడితో పొర గుండా నెడతారు. నాలుగోది వాక్యూమ్ డిస్టిలేషన్, అంటే మరిగించి ఆవిరిని చల్లార్చి పట్టుకోవడం. నిదానంగా జరుగుతుంది, కరెంటు ఎక్కువ తింటుంది. కానీ నాలుగింటిలోనూ శుభ్రమైన సరుకు ఇచ్చేది ఇదే. అందుకని దీన్ని నడిపే తీరే కాస్త విపులంగా చెబుతాను.

ఇందులో వాక్యూమ్ ఎందుకు? మామూలుగా గ్లైకాల్ మరగాలంటే 197 డిగ్రీలు కావాలి. అంత వేడి పెడితే అది కొంత విరిగిపోయి కొత్త ఆమ్లాలు పుట్టిస్తుంది. లేహ్‌లో పనిచేసినవారికి ఒక అనుభవం ఉంటుంది. అక్కడ కుక్కర్ లేకుండా కందిపప్పు ఎంతకీ ఉడకదు. 3,500 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కనుక నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. వంటవాడికి అది శాపం, మనకు మాత్రం వరం. మెషిన్‌లోని వాక్యూమ్ పంపు ట్యాంకులోని గాలి లాగేసి, లేహ్‌ని మించిన ఎత్తును అందులో సృష్టిస్తుంది. ఒత్తిడిని మామూలులో ఎనిమిదో వంతుకు తగ్గిస్తే గ్లైకాల్ 140 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, విరిగిపోదు.

పని మొదలుపెట్టక ముందు

మెషిన్ స్విచ్ వేసే ముందు చేసే పనిలోనే ముప్పాతిక వంతు విజయం ఉంది. మొదటిది వేరు చేయడం. వాడిన కూలెంట్ అంతా ఒకే డ్రమ్ములో పోయకూడదు. మామూలు రకానికి ఒకటి, లాంగ్ లైఫ్ రకానికి ఒకటి, ఏదో తెలియనిదానికి ఒకటి, ఇలా కనీసం మూడు డ్రమ్ములుండాలి, మూడింటి మీదా పెయింటుతో పేరు రాసి ఉండాలి. "అన్నా, పచ్చగానే ఉంది కదా, ఇంకేం టెస్టు?" అని ఒక కుర్రాడు నన్ను అడిగాడు. "తమ్ముడూ, పచ్చదనం గ్లైకాల్‌ది కాదు, అందులో కలిపిన రంగుది" అన్నాను. రంగుకు అందరూ ఒప్పుకున్న నియమం అంటూ లేదు. కంపెనీకొక రంగు. రంగు చూసి రకం తేల్చడం, యూనిఫారం చూసి మనిషి గుణం తేల్చినట్టే.

రెండోది నిరాకరించడం. పెట్రోలు, డీజిల్ వాసన వచ్చేదాన్ని, మెథనాల్ కలిసినదాన్ని, రేడియేటర్ కడిగిన కెమికల్ నీళ్ళను మెషిన్‌లో పోయకూడదు. వేడి పెట్టి నడిపే మెషిన్‌లో ఇవి నిప్పుకు ఆహ్వానం. గేటు దగ్గర సెంట్రీ గుర్తింపు కార్డు చూడకుండా ఎవరినీ లోపలికి వదలడు. ఈ డ్రమ్ము దగ్గర కూడా ఆ సెంట్రీ డ్యూటీ మనదే.

మూడోది తేర్చడం. ఒక పారదర్శకమైన జాడీలో నమూనా పోసి ఒక రోజు కదపకుండా ఉంచండి. ఆయిల్ ఉంటే పైకి తేలుతుంది, మడ్డి అడుగుకు దిగుతుంది. డ్రమ్ములో తేలిన ఆయిల్‌ను తీసేసి, మిగిలినదాన్ని సన్నటి జాలీ గుండా వడగట్టాలి.

నాలుగోది కొలవడం. రిఫ్రాక్టోమీటర్ అని ఒక చిన్న గొట్టం లాంటి సాధనం ఉంటుంది. ముందు డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా సరిచూసుకోవాలి. తర్వాత కూలెంట్ చుక్క వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే, వెలుగూ నీడా కలిసే గీత ఎక్కడుందో అదే దాని గడ్డకట్టే ఉష్ణోగ్రత. ఇథిలీన్ గ్లైకాల్‌కీ, ప్రొపిలీన్ గ్లైకాల్‌కీ స్కేళ్ళు వేరువేరు, చూసుకోవాలి. పి.హెచ్.కి కాగితం పట్టీలు చాలు. ఈ రెండు అంకెలూ, తేదీ, ఏ బండి నుంచి తీశారో రిజిస్టర్‌లో రాయాలి. రాయనిది జరగనట్టే అన్న సంగతి ఫౌజీలకు నేను నేర్పక్కరలేదు.

మెషిన్ నడిపేటప్పుడు

గుర్తు దాకా మాత్రమే ట్యాంకు నింపండి, నిండుగా వద్దు. మరిగేటప్పుడు నురుగు పొంగి పాత మురికి నేరుగా శుభ్రమైన డ్రమ్ములోకి దూకుతుంది. మూత గాస్కెట్ తుడిచి బిగించండి. చల్లార్చే నీళ్ళు పారుతున్నాయో లేదో చూశాకే హీటర్ వేయండి.

మొదట నీళ్ళు ఆవిరవుతాయి. అవి ఒక డ్రమ్ములోకి వెళ్తాయి. నీళ్ళు అయిపోయాయనగానే ఉష్ణోగ్రత ముల్లు పైకి కదులుతుంది. అప్పుడు వాక్యూమ్ వేసి, గొట్టాన్ని రెండో డ్రమ్ముకు మార్చాలి. అందులో గ్లైకాల్ పడుతుంది. కొన్ని మెషిన్లు ఈ మార్పు తమంతట తామే చేస్తాయి. అయినా ముల్లు మీద కన్ను ఉంచండి. ట్యాంకు అడుగున చివరికి మిగిలేది నల్లటి మడ్డి. పాత నిరోధకాలు, సీసం, రాగి, తుప్పు అన్నీ అందులోనే ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆపడం. పని అయిపోయింది కదా అని వేడిగా ఉండగానే మూత తీయకూడదు. గ్లైకాల్ ఆవిరి 111 డిగ్రీల పైన నిప్పు అంటుకునే స్థితిలో ఉంటుంది. లోపల గాలి లేదు కనుక అంతసేపూ క్షేమం. వేడి మీద వాక్యూమ్ వదిలితే గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకెళ్తుంది. హీటర్ ఆపి, చెయ్యి పెట్టగలిగినంతగా చల్లారనిచ్చి, అప్పుడు వాల్వు నెమ్మదిగా తెరవండి. టీ తాగి రండి, తొందరేం లేదు.

బయటికొచ్చింది కూలెంట్ కాదు

ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. మెషిన్ నుంచి వచ్చిన గ్లైకాల్ అద్దంలా మెరుస్తుంది. ఆ నీళ్ళలోనే దాన్ని సగం సగం కలిపి, కాస్త పచ్చరంగు వేసి బండ్లలో పోసేస్తున్నారు. అది కూలెంట్ కాదండీ. మురికితో పాటు నిరోధకాలను కూడా మెషిన్ తీసేసింది. ఉన్నవి నీళ్ళు, గ్లైకాల్ మాత్రమే. అలా పోస్తే తుప్పు ఆగదు, ఇంకా వేగంగా పడుతుంది.

కాబట్టి చివరి మెట్టు మందు కలపడం. మందు తయారుచేసిన కంపెనీ ఇంత లీటరుకు ఇంత అని చెబుతుంది. కొలిచి పోయాలి, కళ్ళతో అంచనా వేసి కాదు. తక్కువైతే రక్షణ లేదు. ఎక్కువైతే కొన్ని రకాలు జిగురులా గడ్డలు కట్టి రేడియేటర్ గొట్టాలను మూసేస్తాయి. పెద్ద డీజిల్ ఇంజన్లకు ఇంకో చిక్కుంది. వాటి లైనర్ల చుట్టూ నేరుగా కూలెంట్ తిరుగుతుంది. లైనర్ అదురుడుకు సూక్ష్మమైన బుడగలు పుట్టి పగిలి, లైనర్‌ను సూదితో పొడిచినట్టు బెజ్జాలు చేస్తాయి. దానికి నైట్రైటో, తగిన కార్బాక్సిలేటో ఉన్న హెవీ డ్యూటీ మందు కావాలి. కారు మందు లారీకి పనికిరాదు.

మందు కలిపాక పదిహేను నిమిషాలు పంపుతో తిప్పి, మళ్ళీ కొలవండి. గడ్డకట్టే ఉష్ణోగ్రత మైనస్ 37 దగ్గర ఉండాలి. పి.హెచ్. మందు కంపెనీ చెప్పిన హద్దులో ఉండాలి. కొత్త కూలెంట్‌కి అమెరికన్ ఎ.ఎస్.టి.ఎం. ప్రమాణం 7.5 నుంచి 11 దాకా ఒప్పుకుంటుంది. మన దేశానికి ఐ.ఎస్. 5759 ప్రమాణం ఉంది. వ్యాపారంగా చేసేవారు అప్పుడప్పుడు నమూనాను ల్యాబ్‌కి పంపాలి. అక్కడ రాగి, టాంకం, ఇత్తడి, ఉక్కు, పోత ఇనుము, అల్యూమినియం ముక్కలను 88 డిగ్రీల వేడిలో 336 గంటలు, అంటే పద్నాలుగు రోజులు, ఆ కూలెంట్‌లో ఉంచి ఎంత తరిగాయో తూచి చెబుతారు. ఆ తర్వాత డ్రమ్ము మీద బ్యాచ్ నెంబరు, తేదీ, రెండు రీడింగులు, కలిపినవాడి సంతకం ఉండాలి. ఒక చిన్న సీసాలో నమూనా దాచిపెట్టాలి.

ఇంత తతంగం ఎందుకంటారేమో. ఆలోచించండి. విజయవాడ ఆటోనగర్‌లో ఎవరో ఒకాయన కొలవకుండా 30 శాతమే గ్లైకాల్ కలిపాడనుకోండి. విజయవాడలో ఆ సంగతి జన్మలో బయటపడదు. ఎండాకాలం కూడా గడిచిపోతుంది. అదే లారీ లోడు ఎత్తుకుని జమ్మూ, శ్రీనగర్, జోజీ లా దాటి చలికాలం ముంగిట ద్రాస్‌లో ఒక రాత్రి ఆగితే అప్పుడు బయటపడుతుంది. తెల్లారి స్టార్ట్ చేసే డ్రైవర్‌కి బ్లాక్ పగిలి కనిపిస్తుంది. కలిపినవాడు ఇంట్లో వెచ్చగా ఉంటాడు, కష్టం మంచులో నిలబడ్డవాడిది. ఆ మంచులో నిలబడటం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళం మనం. కనుక ఈ పనిలో కొలత తప్పకుండా ఉండవలసిన బాధ్యత అందరికన్నా మనకే ఎక్కువ.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక మనవి. ప్రభుత్వ వాహనంలో ఏది పోయాలో మీ టెక్నికల్ ఇన్‌స్ట్రక్షన్లు చెబుతాయి. రీసైకిల్ చేసినది వాడాలా వద్దా అన్నది కూడా వాటిని బట్టే. ఇక్కడ విన్నాను కదా అని సొంత నిర్ణయాలు తీసుకోకండి.

ఇంట్లోవాళ్ళూ వినవలసిన మాట

అమ్మలూ, ఇది మీకు కూడా. ఇథిలీన్ గ్లైకాల్ విషం. వాసన పెద్దగా రాదు, రుచికి తియ్యగా ఉంటుంది. అదే దాని మోసం. పెద్దవాళ్ళకు సుమారు ఒక చిన్న గ్లాసు, నూరు మిల్లీలీటర్లు, ప్రాణాంతకం. పసివాళ్ళకు, కుక్కలకు, పిల్లులకు అంత కూడా అక్కరలేదు. మొదట తాగి తూలినట్టు ఉంటారు. తర్వాత వాంతులు, ఆయాసం. ఒకటి రెండు రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతింటాయి. 2022 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక హెచ్చరిక జారీ చేసింది. గాంబియా దేశంలో 66 మంది పిల్లల మరణాలకు, డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గుమందులకు సంబంధం ఉండవచ్చని చెప్పింది. అదే కుటుంబానికి చెందిన పదార్థం మన గ్యారేజీలో డ్రమ్ముల లెక్కన ఉంటుంది.

ఒక గ్యారేజీలో, పేరు అనవసరం, పాత కూలెంట్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి బల్ల మీద పెట్టారు. పచ్చగా నిగనిగలాడుతోంది. టీ తెచ్చే కుర్రవాడు సీసా ఎత్తాడు. పక్కనున్న డ్రైవర్ చూసి చేతిలోంచి లాక్కున్నాడు కాబట్టి సరిపోయింది. తాగే సీసాల్లో కూలెంట్ పోయడం అన్నది ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ఎవరైనా తాగారని అనుమానం వస్తే చాలు, లక్షణాల కోసం చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. డబ్బా కూడా పట్టుకెళ్ళి డాక్టరుకు చూపించండి. ఫోమెపిజోల్ గానీ, ఆల్కహాల్ గానీ విరుగుడుగా డాక్టర్లు వాడతారు. మాట వినగానే క్యాంటీన్ రమ్ము గుర్తొచ్చి కొందరి ముఖాలు వెలుగుతున్నాయి! ఆ వైద్యం మోతాదు చూసి డాక్టరు చేయవలసింది, మనం చేసేది కాదు.

పనిచేసేవాళ్ళు చేతి తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. వేడి ఇంజన్ రేడియేటర్ మూత తీయకూడదు. కింద పడితే ఇసుకో, రంపపు పొట్టో చల్లి ఎత్తేయాలి. మురుగు కాలువలోకి, చెరువులోకి వదలకూడదు. గ్లైకాల్ నీళ్ళలో కుళ్ళేటప్పుడు ప్రాణవాయువు లాగేస్తుంది, చేపలు చస్తాయి. ఆ నీళ్ళు పశువులు తాగుతాయి. ట్యాంకు అడుగు మడ్డిని 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారికే అప్పగించి రశీదు తీసుకోవాలి.

గిట్టుబాటు లెక్క

ఇక మొదట అడిగిన ప్రశ్నకు వస్తాను. ధరలు ఊరికొకలా, ఏడాదికొకలా ఉంటాయి కనుక లీటర్లలోనే లెక్క చెబుతాను, రూపాయలు మీరు వేసుకోండి.

అరవై బస్సులున్న ఒక డిపో అనుకుందాం. బస్సుకు 30 లీటర్లు, మొత్తం 1,800 లీటర్లు. రెండేళ్ళకోసారి మారుస్తే ఏడాదికి 900, నెలకు 75 లీటర్లు. అందులో 40 శాతం గ్లైకాల్ ఉంటే 30 లీటర్లు. మడ్డితో పదో వంతు పోతుందనుకున్నా చేతికొచ్చేది 27 లీటర్లు. సగం సగం కలిపితే 54 లీటర్ల కూలెంట్. అంటే ఒక బ్యాచ్‌కి 60 లీటర్లు పట్టే చిన్న మెషిన్‌కైనా నెలలో రెండు రోజులకు మించి పనుండదు. మిగతా ఇరవై ఎనిమిది రోజులు అది మూలన కూర్చుంటుంది, బ్యాంకు వడ్డీ మాత్రం కూర్చోదు. ఖర్చు వైపు మందు, కరెంటు, ఫిల్టర్లు, మడ్డి పారవేత, మనిషి జీతం ఉన్నాయి.

కనుక ఒక్క గ్యారేజీ కోసం మెషిన్ కొనాలనుకునేవారికి నా సలహా, కొనకండి. పది పన్నెండు గ్యారేజీలు ఒకచోట ఉండే ఆటోనగర్ లాంటి చోట, నలుగురు మాజీ సైనికులు కలిసి ఒక మెషిన్ పెట్టుకుని, డ్రమ్ములు సేకరించి శుద్ధి చేసి ఇస్తే లెక్క మారుతుంది. అక్కడ అమ్ముడుపోయేది కూలెంట్ ఒక్కటే కాదు. డ్రమ్ము మీద రాసిన రీడింగులు, కింద పెట్టిన సంతకం, వాటి మీద నమ్మకం. ఆ నమ్మకాన్ని మనం బ్యారక్‌లో ఇరవై ఏళ్ళు, పాతికేళ్ళు ఉండి సంపాదించుకున్నాం. మొదటి నెలలో మెషిన్ మీద పెట్టే డబ్బులో కొద్ది భాగంతో ఒక మంచి రిఫ్రాక్టోమీటర్, పి.హెచ్. పట్టీలు, ఒక రిజిస్టర్ కొనండి. మెషిన్ లేకపోయినా ఆ మూడూ పనికొస్తాయి. మన బండిలో ఉన్న కూలెంట్ మార్చాలో, ఇంకొన్నాళ్ళు నడపవచ్చో అవి చెప్పేస్తాయి. కొలిచి చూస్తే మార్చనక్కరలేని కూలెంట్‌ను కూడా తేదీ అయిందని పారబోస్తున్నవారు మనలో ఎందరో ఉన్నారు.

ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి. రిఫ్రాక్టోమీటర్ తెచ్చాను, పార్కింగ్‌లో చల్లారిన బండి ఏదైనా ఉంటే మూత తీసి చుక్క వేసి చూపిస్తాను.

జై హింద్.